తలుపుకి అడ్డంపెట్టిన పుస్తకం

గురువారం ఏడింటికి
మోంటెవీడియోలో నదిగాలి లేచింది.
సైకిళ్ల కొట్టు వెనకగదిలో తలుపు నిలవనంటోంది.
పోయినసారి పుస్తకాన్ని దానికి అడ్డంపెట్టాం:
ఏడువందల పేజీలు,
నాలుగో అధ్యాయం దగ్గరే అందరం నీళ్లు నమిలినది.
"ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది," అన్నాడు ఫాబ్రీసియో.
దాన్ని ఎంచింది అతనే.

ఆరుగురం, మాతే గిన్నె ఒకటే, గొట్టం ఒకటే.
గిన్నె చేయి మారినప్పుడల్లా
ఒక పుస్తకం బల్లమీదికొస్తుంది.

పరీక్షలు ముందు రాయాలా, తర్వాత రాయాలా అనేదొకటి
హిమేనా సంచిలోంచి.
కంపైలర్ల మీద ఒరాసియో తెచ్చింది దిండంత లావు,
తలకింద పెట్టుకు పడుకుంటే
జ్ఞానం దానంతటదే ఎక్కుతుందట.
ఫాబ్రీసియో ఎర్ర అట్టది నేను వద్దన్నాను.
ప్రతి అధ్యాయం మొదట్లోనూ ఒక సేనాపతి సూక్తి,
లాగిన్ పేజీలు రాసుకు బతికేవాళ్లకి
యుద్ధాలెందుకు?
నేను తెచ్చినదాన్ని ఎవరూ తెరిచి కూడా చూడలేదు, అది వేరే సంగతి.
ఒమార్‌కి సన్నగా ఉన్నదేదైనా సరే.
ఇంట్లో కవలలు,
చదువంతా బస్సులోనే,
అదీ నిలబడి, ఒంటిచేత్తో.

చీటీలు వేశాం.
విప్పితే ఎవరి పేరు వాళ్లదే.
ఎవరికి వారే, ప్లాతా తీరే.

ఒక చీటీ మాత్రం ఖాళీ.
అది ఎల్విరాది.
ఓడరేవులో కంటైనర్ల తూకాల ప్రోగ్రామ్‌ని
ముప్పైయొక్క ఏళ్లుగా కాచుకుంటున్న మనిషి.
ఆమె రాసే భాష మాకు రాదు,
మా మాటలకి ఆమె అడ్డు రాదు.
మార్చిలో రిటైర్మెంటు.

కుర్చీ కిందనుంచి ఒక కట్ట తీసింది.
ఆకుపచ్చ చారల కాగితం,
అంచులకి చిల్లులు,
మడత మీద మడత, తెగకుండా ఎంత దూరమో.
"ఇది చదువుదామా?" అంది,
గిన్నె అందించినంత మామూలుగా.

ఆమెకు ముందు ఆ కుర్చీలో బెలార్మీనో ఉండేవాడట.
రాసింది ఆయనే. పోయి పదహారేళ్లు.
నూట నలభయ్యో పేజీలో
యంత్రం పట్టించుకోని వరసలో
మనిషి కోసం రాసిపెట్టాడు:

ఇక్కడ ఒకటి కలిపితే లెక్క సరిపోతోంది.
ఎందుకో తెలియలేదు.
మూడు రాత్రులు చూశాను.
ఇంట్లో ఆమెకి జ్వరం, వెళ్తున్నాను.
తర్వాత వచ్చేవారికి తెలిస్తే
నాకూ చెప్పండి.

"నాకూ తెలియలేదు," అంది ఎల్విరా.
"ఆ ఒకటిని ముట్టుకోలేదు ఎప్పుడూ.
రేవుకొచ్చిన ప్రతి పెట్టే దానిమీదుగానే పోయింది.
ఆయన ఉన్న రోజుల్లో
సంతలో ఎదురుపడితే
పక్క సందులోకి తిరిగేదాన్ని,
అడుగుతాడేమోనని."

గిన్నె అడుగున
గొట్టం గురక పెట్టింది.
ఎవరూ నీళ్లు పొయ్యలేదు.

ఫాబ్రీసియో తేరుకున్నాడు ముందు.
విషయసూచిక లేదన్నాడు.
వెనక అట్టమీద నలుగురి పొగడ్తలు లేవు,
అసలు అట్టే లేదు.
రేవువాళ్లు ఒప్పుకుంటారా అన్నాడు.
"అడిగాను. పారేసే కాగితమేగా అన్నారు."

హిమేనా అప్పటికే నేలమీద మోకాళ్లేసి
ఆ ఒకటి ఎక్కడ పుడుతోందో వెతుకుతోంది.
"విడి పేజీలుగా చింపుకోవచ్చా?" ఒమార్ అడిగాడు.
చిల్లుల వెంబడి చింపి చూపించిందామె.
బస్సులో ఒంటిచేతికి సరిగ్గా సరిపోతుంది.
ఒరాసియో కళ్లజోడు తుడుచుకుని
దిండుని సంచిలో పెట్టేసుకున్నాడు.
నా చెయ్యి సగమే లేచింది,
లెక్కలో వేసేసుకున్నారు.

అయిదు, ఒకటి.

పద్దు పుస్తకంలో రాశాను:
వచ్చే గురువారం, ఒకటి నుంచి పన్నెండు పేజీలు.
పెన్సిలు తెచ్చుకోవాలి.
ఆ భాష వచ్చినవాళ్లు ఒక్కరే కాబట్టి
నెమ్మదిగా.

వెళ్తూ వెళ్తూ ఫాబ్రీసియో
నూట నలభయ్యో పేజీ ఎటుందని అడిగాడు.
"ఊరికే," అన్నాడు.
ఫోన్ వెలుతురులో చాలాసేపు నిలబడ్డాడు.

తలుపు దగ్గరి పుస్తకాన్ని
ఎవరూ కదపలేదు.
గాలి ఇంకా ఉంది.